చీటీ మీద రేటు లేదు: చిత్తూరు పక్కన ఒక పల్ప్ ఫ్యాక్టరీ గేటు దగ్గర రైతులు, కార్మికులు

2025 మామిడి సీజన్లో చిత్తూరుకు దగ్గర్లో ఒక గుజ్జు ఫ్యాక్టరీ ముందు జరిగిన పోరాటం గురించి రాస్తున్నాను. ఫ్యాక్టరీ పేరు, ఊళ్ల పేర్లు రాయను. అక్కడ పనిచేసే ఆడవాళ్లు వచ్చే సీజన్లో మళ్లీ అదే గేటు ముందు పని కోసం నిలబడాలి. నేను కార్మిక సంఘంలో పూర్తికాలం కార్యకర్తను, పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. మా వాళ్లకు గెలిచిన కేసులు రాసుకోవడం అలవాటు. ఇది సగం గెలిచిన కేసు. అందులో మొదటి తప్పు నాదే కాబట్టి నేనే రాయడం న్యాయం.

కాయ, ఫ్యాక్టరీ

మా జిల్లా రైతుకు తోతాపురి తినే కాయ కాదు, ఫ్యాక్టరీకి తోలే కాయ. బంగినపల్లి రేటు నచ్చకపోతే హైవే పక్కన గంప పెట్టుకుని కూర్చోవచ్చు. తోతాపురిని అలా ఎంతని అమ్ముతారు? బడి గేటు దగ్గర ఉప్పూ కారం చల్లి ముక్కలమ్మే ఆమె తీసుకునేది రోజుకు ఒక బుట్ట. మిగతాదంతా గుజ్జు కావాల్సిందే, డ్రమ్ముల్లోకి ఎక్కాల్సిందే. కూల్‌డ్రింకు సీసాల్లోకీ, ఓడల మీద విదేశాలకూ పోయేది ఆ గుజ్జే. అమ్మేవాళ్లు వేలమంది, కొనేవి కొన్ని పదుల ఫ్యాక్టరీలు. వాళ్లంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాల్సిన పని కూడా లేదు. ఒక గేటు దగ్గర పలికిన రేటు అరగంటలో మిగతా గేట్లన్నిటికీ తెలిసిపోతుంది.

ఆ ఏడాది ఫ్యాక్టరీలు చెప్పిన కారణం పాత స్టాకు. పోయిన సీజన్ గుజ్జే డ్రమ్ముల్లో మిగిలిపోయింది, బయటి ఆర్డర్లు లేవు అన్నారు. రేటు పడిపోయింది. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అని ప్రకటించింది: ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, పైన 4 ప్రభుత్వం రైతు ఖాతాలో వేస్తుంది. జూన్ 7న పక్క రాష్ట్రాల తోతాపురి మా జిల్లాలోకి రాకుండా కలెక్టర్ ఉత్తర్వు ఇచ్చారు. దానిమీద కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. జూలైలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ తోతాపురికి క్వింటాలు 1,490 రూపాయల 73 పైసలు, 1.62 లక్షల టన్నుల వరకు అని ఒప్పుకుంది. పైసలతో సహా లెక్క కట్టారు! గేటు దగ్గర మాత్రం రైతుకు 8 కూడా చేతికి రాలేదు.

అసలు బాధ తక్కువ రేటు ఒక్కటే కాదు, ఏ రేటో తెలియకపోవడం. ఒక రైతు తన చీటీ నాకు చూపించాడు. అరచేతి అంత పసుప్పచ్చ కాగితం. బండి నంబరు, లోడు బరువు, ఖాళీ బండి బరువు, తరుగు, నికరం, అన్నీ మిషన్ కొట్టినవే. చివర ‘రేటు’ అని ఒక గడి ఉంది, అది ఖాళీ. కింద ఎవరిదో పొట్టి సంతకం. మూడు రోజులు ట్రాక్టరు మీద పడుకుని, కాయ రసం కారి టైర్ల కింద ఈగలు ముసిరాక, కాటా ఎక్కించి దింపి వచ్చిన మనిషికి దక్కింది ఆ కాగితం.

“రేటెంతయ్యా అంటే, ‘ఆఫీసులో చెప్తారు’ అంటాడు కాటా పిల్లోడు. ఆఫీసులో అడిగితే, ‘సీజన్ అయినాక చూద్దాం’ అంటారు. పెండ్లి మాటలకైనా ఇంత నాన్చరబ్బా!” అన్నాడు.

లోపల

గేటు లోపల పనిచేసేవాళ్లు మూడు రకాలు. పర్మినెంటు వాళ్లు కొద్దిమంది: బాయిలరు, ఎలక్ట్రికల్, ల్యాబు, కాటా. మెషిన్ల దగ్గర బీహార్, ఒడిశా కుర్రాళ్లు, వాళ్లకు ఫ్యాక్టరీ వెనకే రేకుల షెడ్డు. ఇక సీజన్ వాళ్లు. వీళ్లు దాదాపు అంతా ఆడవాళ్లు, చుట్టుపక్కల దళితవాడల నుంచి, ఎస్టీ కాలనీల నుంచి కాంట్రాక్టరు ఆటోల్లో వస్తారు. పండిన కాయను కడిగే తొట్టి దగ్గర, ఏరే బెల్టు దగ్గర, ముచ్చిక కోసే బల్ల దగ్గర వీళ్లే. పన్నెండు గంటల షిఫ్టు. కాళ్ల కింద ఎప్పుడూ తడి, సీజన్ అయ్యేసరికి వేళ్ల సందులు పాచిపోతాయి. సొన తగిలి చేతులు మచ్చలు పడతాయి.

రోజు కూలి ఎంతో ఆటో ఎక్కేముందు కాంట్రాక్టరు నోటిమాటగా చెబుతాడు. హాజరు అతని నోటుబుక్కులో ఉంటుంది. పన్నెండు గంటల్లో ఎనిమిదికి ఎంత, మిగతా నాలుగింటికి ఎంత అని ఎవరూ విడదీసి చెప్పరు. రోజుకు తొమ్మిది గంటలు, వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు ఇవ్వాలని అప్పుడు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ చెప్పేది. ఆ మాట అక్కడ అన్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. విన్న ఆమె నవ్వింది. “రెట్టింపు వద్దులేన్నా, ఎన్ని దినాలు వచ్చినామో ఒక చీటీ ఇమ్మను సాలు” అంది.

ఆ రోజు ఆ మాట నాకు వినబడింది గానీ ఎక్కలేదు.

నా తప్పు

జూన్ మూడో వారంలో రైతులు గేటు మూయాలని నిర్ణయించారు. నా దగ్గరకు వచ్చారు, మీ యూనియన్ జెండా కూడా కావాలన్నారు. ఫ్యాక్టరీలో మాకున్నది పర్మినెంటు వాళ్లలో పదిహేను మంది, బయట హమాలీల సంఘం. నేను వెంటనే సరే అన్నాను. ‘రైతు కూలీ ఐక్యత’ అని ఫ్లెక్సీ కొట్టించాం. ఒకవైపు నాగలి, ఒకవైపు పిడికిలి. పొద్దున ఆరింటికి గేటుకు అడ్డంగా రెండు ట్రాక్టర్లు పెట్టారు. టీవీ వాళ్లూ వచ్చారు.

ఆరున్నరకు ఆటోలు వచ్చాయి. ఆడవాళ్లు దిగి గేటు వైపు నడిచారు, రైతులు ఆపారు. పది నిమిషాల్లో గొంతులు లేచాయి. నలభై ఏళ్లుంటాయేమో, ఒకామె చేతిలో టిఫిన్ క్యారియర్‌తో నేరుగా నా ముందుకు వచ్చింది.

“గేటు మూస్తే ఈ పొద్దు మా కూలి ఎవురిస్తారు? నువ్విస్తావా, ఈ రెడ్డి ఇస్తాడా?”

నా దగ్గర జవాబు లేదు. వెనక నుంచి ఒక రైతు కుర్రాడు, “కాయ తోలేది మేము, మేమే లేకుంటే మీకు పనేడుంది?” అన్నాడు. అంతే. ఆమె కూడా ఊరుకోలేదు. “మీ తోటలో కాయ కోస్తే ఎంతిస్తాండారో అది కూడా చెప్పు ఆ టీవీ వాళ్లకి!” అంది. కెమెరా ఎటు తిప్పాలో టీవీ అబ్బాయికి అర్థం కాలేదు. తొమ్మిదింటికి పోలీసులు వచ్చేలోపే ట్రాక్టర్లు పక్కకు తీశారు. ఫ్యాక్టరీ మేనేజరు బాల్కనీలో నిలబడి టీ తాగుతూ చూశాడు. ఆయన ఒక్క మాట మాట్లాడాల్సిన అవసరం రాలేదు.

దీనికి నేను మరీ సిగ్గుపడాల్సిన కారణం ఒకటుంది. అంతకు కొన్నేళ్ల ముందు తిరుపతిలో మా యూనియన్ శిక్షణా తరగతుల్లో సరిగ్గా ఇదే పాఠం నేనే చెప్పాను. అమెరికా ఉదాహరణతో.

తరగతిలో చెప్పిన పాఠం

2011 సెప్టెంబర్ 17న న్యూయార్క్‌లో కొందరు జుకోటి పార్కు పట్టుకుని కూర్చున్నారు. బ్యాంకులూ కార్పొరేట్లూ దేశాన్ని మింగేశాయి, మేం 99 శాతం అన్నది వాళ్ల నినాదం. ఆక్యుపై వాల్‌స్ట్రీట్ అని అప్పట్లో మన పేపర్లలోనూ వచ్చింది. నాయకుడు లేడు, డిమాండ్ల పత్రం లేదు. యూనియన్ మనిషికి ఇలాంటివాళ్లను చూస్తే మొదట చిరాకే వేస్తుంది, నాకూ వేసింది. కానీ రెండు వారాల్లోనే అక్కడి యూనియన్లు వాళ్ల పక్కకు వచ్చాయి. అక్టోబర్ 1న బ్రూక్లిన్ వంతెన మీద 700 మందికి పైగా అరెస్టు చేశారు. వాళ్లను తరలించడానికి పోలీసులు సిటీ బస్సులను డ్రైవర్లతో సహా వాడుకుంటే, రవాణా కార్మికుల యూనియన్ లోకల్ 100 కోర్టుకు వెళ్లింది. మా డ్రైవర్లు పోలీసు పని చేయరు అని. అక్టోబర్ 5న యూనియన్లు వేలమందితో ఊరేగింపు తీశాయి. 14వ తేదీ తెల్లవారుజామున శుభ్రం చేసే పేరుతో పార్కు ఖాళీ చేయించబోతే, యూనియన్ సభ్యులు కూడా వచ్చి నిండిపోయారు. ఆ రోజుకు ఆగింది. నవంబర్ 15న అర్ధరాత్రి దాటాక ఖాళీ చేయించేశారు.

తరగతిలో నేను ఎక్కువసేపు చెప్పింది ఇది కాదు, పడమటి తీరం సంగతి. వాషింగ్టన్ రాష్ట్రంలో లాంగ్‌వ్యూ అనే చిన్న రేవులో కొత్తగా కట్టిన ధాన్యం టెర్మినల్‌లో తమ యూనియన్ వాళ్లకు పని ఇవ్వాలని రేవు కార్మికులు కొట్లాడుతున్నారు. వాళ్లకు మద్దతు అంటూ ఆక్యుపై వాళ్లు డిసెంబర్ 12న తీరం పొడవునా రేవులు మూయాలని పిలుపిచ్చారు. రేవు కార్మికుల సంఘం నాయకత్వం మాత్రం ఆ పిలుపు మాది కాదు అంది. మా పోరాటాన్ని బయటివాళ్లు తమ పేరు మీద నడపొద్దు అంది. కొన్ని రేవుల్లో పని ఆగింది, షిఫ్టు దొరకనివాళ్ల కూలి పోయింది. సభ్యుల్లో కొందరు సంతోషించారు, కొందరు తిట్టుకున్నారు. 2012 మొదట్లో లాంగ్‌వ్యూ గొడవ ఒప్పందంతో ముగిసింది. అందులో ఆక్యుపై ఒత్తిడి పాత్ర ఎంత అన్నదానిమీద ఇప్పటికీ రెండు వాదనలు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ న్యూయార్క్‌లోనే ఉంది. సోథెబీస్ అనే వేలం సంస్థ బొమ్మలు, శిల్పాలు మోసే నలభై పైచిలుకు మందిని 2011 ఆగస్టులో లాకౌట్ చేసింది. ఆక్యుపై కుర్రాళ్లు వాళ్ల యూనియన్‌తో కలిసి, కోట్ల వేలం జరుగుతున్న హాల్లోకి పోయి లేచి నినాదాలు ఇచ్చేవాళ్లు. బయట నిలబడిన కార్మికుడికి అందులో పోయేదేమీ లేదు. పోతే కంపెనీ పరువే పోతుంది. మరుసటి ఏడాది ఒప్పందం కుదిరింది.

‘మద్దతు ఇచ్చేముందు ఆ దెబ్బ ఎవరికి తగులుతుందో అడగాలి’ అని బోర్డు మీద రాసి కింద గీత కూడా గీశాను. గీసిన చెయ్యే ఇక్కడ ఫ్లెక్సీ కట్టింది.

దెబ్బ ఎవరికి ముందు తగులుతుంది

ఆ రాత్రి నేనూ, కాటా దగ్గర పనిచేసే మా సభ్యుడూ కూర్చుని లెక్క వేశాం. ఇది మొదటే చేసుండాల్సిన లెక్క.

గేటు మూస్తే ముందు నష్టపోయేది రైతే. కోసిన కాయ ట్రాక్టరు మీద జూన్ ఎండలో రెండో రోజుకే మెత్తబడుతుంది. ఆ తర్వాత సీజన్ కార్మికురాలు. ఆమెకు నలభై, నలభై అయిదు రోజుల పని, దానిమీదే పిల్లల బడి ఫీజులు, పొదుపు సంఘం కిస్తీలు. ఫ్యాక్టరీ వంతు అన్నిటికన్నా చివర. ఎందుకంటే వచ్చిన కాయను వచ్చినట్టు మెషిన్లో వేయరు. గదుల్లో మాగేస్తారు, మూడు నాలుగు రోజుల సరుకు లోపల ఎప్పుడూ ఉంటుంది. బయట గేటు మూసినా లోపల బెల్టు తిరుగుతూనే ఉంటుంది. మేనేజరు టీ తాగడానికి కారణం అదీ.

లోపల బెల్టు ఆగితే లెక్క తలకిందులు. మాగిన కాయ ఆగదు. ఒక షిఫ్టు పోతే గది గదే పులుస్తుంది. అంటే ఫ్యాక్టరీని గంటల్లో దారికి తెచ్చే బలం ముచ్చిక కోసే ఆడవాళ్ల చేతుల్లో ఉంది. కానీ ఆ బలం వాడితే మర్నాడు ఆటో వాళ్ల వీధికి రాదు. వాడమని చెప్పే హక్కు నాకు లేదు, రైతులకు అసలే లేదు.

మిగిలింది మధ్యలో ఉన్న చోటు: దింపుడు. కాయ దింపే హమాలీలు. వాళ్లు మా సంఘం, రోజు కూలి కాదు, టన్ను లెక్క. వాళ్ల డబ్బు ఇచ్చేది ఫ్యాక్టరీ కాదు, రైతే. ఒక రోజు దింపకపోతే మర్నాడు ఆ బరువు ఎలాగూ దింపాల్సిందే కాబట్టి వాళ్ల ఆదాయం పోదు, వెనక్కి జరుగుతుంది అంతే. ఇది చూసినాక నాకు కొంచెం ఊపిరాడింది.

రచ్చబండ కాదు, వాటర్ ట్యాంకు

నాలుగు రోజుల తర్వాత రాత్రి ఎనిమిదిన్నరకు మీటింగు పెట్టాం. రైతులు తమ ఊరి గుడి దగ్గర పెడదామన్నారు. టిఫిన్ క్యారియర్ ఆమె ఫోన్లోనే కుదరదంది. “మీ కాడికి వస్తే మేము కింద కూర్చోవాల, మీరు అరుగు మీద కూర్చుంటారు. మా వాటర్ ట్యాంకు కాడికి రండి” అంది. రైతుల్లో పదకొండు మంది వచ్చారు. ఇద్దరు ముగ్గురు బైకుల మీద నుంచి దిగలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు వేయబోతే ఒక పెద్దాయన వద్దని ట్యాంకు గట్టు మీద కూర్చున్నాడు. దీన్ని పెద్ద మార్పు అని రాయను. ఆయన మోకాళ్లకు గట్టు ఎత్తు సరిపోయిందేమో.

మొదటి గంట అంతా తోటల్లో కూలి గురించే. నేను ఆపాలనుకున్నాను, ఆపకపోవడం మంచిదైంది. ఫ్యాక్టరీ మాకు న్యాయం చేయలేదంటున్న రైతే తన తోటలో కోతకు ఆడవాళ్లకు ఒక రేటు, మగవాళ్లకు ఒక రేటు ఇస్తాడు. రేటు పడిపోయిన ఏడాది కోత కూలి కూడా గిట్టదన్నది నిజమే. ఆడవాళ్లు దాన్ని కాదనలేదు. కానీ పోయిన ఏడు రేటు బాగున్నప్పుడు పెంచారా అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. చివరికి పెద్దాయన, “యాభై పెంచుతాం, మా ఊర్లో వరకు నేను చెప్తా” అన్నాడు. ఆ మాట కొందరు నిలబెట్టుకున్నారు, కొందరు లేదు.

రైతులు జేబుల్లోంచి చీటీలు తీసి చూపించింది ఆ తర్వాతే. రేటు గడి ఖాళీ. ఒకామె ఫోన్ లైటు వేసి చూసి, “మాకు ఈ కాగితం కూడా లేదు కదా” అంది. అప్పుడు ఎక్కింది నాకు. మేం రాసుకొచ్చిన డిమాండ్లలో కిలోకు 8 రూపాయలు, రెట్టింపు ఓటీ (అదనపు గంటల కూలి), పీఎఫ్, అన్నీ ఉన్నాయి. ఇద్దరికీ కలిసిన డిమాండు మాత్రం అందులో లేదు. అది అక్కడ పుట్టింది: తోలిన వాడికి రేటు రాసిన చీటీ, పని చేసిన ఆమెకు రోజులు, గంటలు రాసిన చీటీ. రెండూ అదే రోజు ఇవ్వాలి.

ఇంకొకటి కూడా తేలింది. గొడవ వల్ల ఎవరికైనా ఒక దినం కూలి పోతే, ఆ కూలి రైతులు కట్టాలి. దించే ప్రతి ట్రాక్టరుకు వంద రూపాయలు పక్కన పెట్టాలి. లెక్క రాయడానికి డిగ్రీ చదివే ఒకమ్మాయిని కూర్చోబెట్టారు, ఆమె అమ్మ బెల్టు దగ్గర పనిచేస్తుంది. డబ్బు డబ్బా మాత్రం రైతుల దగ్గర ఉండొద్దని ఆడవాళ్లు, ఆడవాళ్ల దగ్గర వద్దని రైతులు పట్టుబడితే, హమాలీ మేస్త్రీ ఇంట్లో పెట్టారు.

పర్మినెంటు వాళ్లు ఈ మీటింగుకు రాలేదు. మా సభ్యులే. సీజన్ వాళ్లకు ఓటీ లెక్క కడితే తమ బోనస్ తగ్గుతుందని మేనేజరు చెప్పాడట. వాళ్లను ఒప్పించడానికి నేను పెట్టిన రెండు రోజులు దండగ. కాటా అబ్బాయి ఒక్కడే నిలబడ్డాడు. బయటి ట్రాక్టర్లు, వరస టోకెన్ లేకుండా ఏజెంట్ల తరఫున రాత్రిళ్లు లోపలికి పోయేవి ఎన్నో అతనికి తెలుసు. ఆ సంగతి రైతులకు తెలియదు. వాళ్లు మూడు రోజులు ఎండలో ఉన్నది ఆ బండ్ల వల్లే.

దింపుడు ఆగింది

జూలై మొదటి వారంలో ఒక గురువారం పొద్దున హమాలీలు ఒకే మాట చెప్పారు: టోకెన్ లేని బండి దింపం, రేటు రాయని చీటీకి దింపం. గేటు తెరిచే ఉంది. ఆటోలు లోపలికి పోయాయి, ఆడవాళ్లు బెల్టు దగ్గర పనిచేస్తున్నారు, వాళ్ల కూలి వాళ్లకు నడుస్తోంది. రైతులు ట్రాక్టర్లు వరసలోనే పెట్టుకుని నీడకు పోయి కూర్చున్నారు. ఎవరూ ఎవరినీ ఆపడం లేదు కాబట్టి ఎస్సైకి ఏ సెక్షన్ పెట్టాలో తెలియలేదు. రెండుసార్లు వచ్చి, “ఏం చేస్తున్నారు ఇక్కడ?” అని అడిగి వెళ్లాడు. “దింపుడు కోసం కూర్చున్నాం సార్” అన్నారు. నిజమే కదా!

మొదటి రోజు మేనేజరు పట్టించుకోలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి మాగేసే గదులు ఖాళీ అవుతున్నాయని లోపలి నుంచి కబురొచ్చింది. కబురు తెచ్చింది బెల్టు ఆడవాళ్లే, టీ టైములో. ఆ ఒక్క సమాచారం లేకుంటే రెండో రోజు సాయంత్రం రైతులు లేచిపోయేవాళ్లు. అప్పటికే ఇద్దరు కాయ మెత్తబడిందని బండి తిప్పుకుని పోయారు. వాళ్లకు నష్టమే, దాచడానికి ఏమీ లేదు. రాత్రి తొమ్మిదింటికి మాటలకు పిలిచారు.

ఒప్పుకున్నది ఇది. టోకెన్ వరస ప్రకారమే దింపుడు. తరుగు ఎంతో ముందే బోర్డు మీద రాస్తారు. చీటీలో రేటు రాస్తారు. సీజన్ వాళ్లకు రోజూ హాజరు చీటీ. మర్నాడు మొదటి చీటీ చూశాం. రేటు గడిలో నీలం పెన్నుతో 6 అని రాసి ఉంది. ఎనిమిది కాదు. రైతులు మండిపడ్డారు, నన్నూ తిట్టారు. నాకు మాత్రం ఆ ఆరు అంకె విలువైనదిగానే కనబడింది. అది ఫ్యాక్టరీ తన చేత్తో రాసిచ్చిన సాక్ష్యం. 8 కీ 6 కీ తేడా ఇప్పించమని అడగడానికి కాగితం కావాలి.

జూలై 9

ఆ రోజు గురించి విడిగా చెప్పాలి. కేంద్ర కార్మిక సంఘాల దేశవ్యాప్త సమ్మె జూలై 9న. రైతు సంఘాల వేదిక సంయుక్త కిసాన్ మోర్చా దానికి మద్దతు. ఈ పొత్తు కొత్తది కాదు. 2020 నవంబర్ 26న కార్మికుల సమ్మె, రైతుల ఢిల్లీ ప్రయాణం ఒకే రోజు మొదలయ్యాయి. 2023 ఆగస్టు 24న ఢిల్లీలో రెండు వేదికలూ కలిసి సదస్సు పెట్టాయి. 2024 ఫిబ్రవరి 16న గ్రామీణ బంద్, పారిశ్రామిక సమ్మె కలిపి చేశాయి. చిత్తూరులో మేం కూడా గాంధీ విగ్రహం దగ్గర నుంచి ర్యాలీకి ఏర్పాటు చేసుకున్నాం.

సరిగ్గా అదే రోజు మాజీ ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి మామిడి రైతుల పరామర్శకు బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకు వచ్చారు. జిల్లా పోలీసులంతా అటే, కెమెరాలన్నీ అటే. రోడ్డు మీద పారబోసిన కాయ రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. దాని చుట్టూ రెండు పార్టీల వాదన వారం రోజులు నడిచింది. మా సమ్మె వార్త ఏ మూలనో పడింది. అంతకంటే నష్టం, ట్యాంకు దగ్గర కూర్చున్న రైతుల్లో కొందరు ఆ పార్టీ, కొందరు ఈ పార్టీ. తొమ్మిదో తేదీ తర్వాత వాళ్లలో వాళ్లకే మాటలు లేవు. ఫ్యాక్టరీ చేయలేని పని అది చేసింది. దానికి నా దగ్గర అప్పుడూ మందు లేదు, ఇప్పుడూ లేదు. 2020లో ఢిల్లీకి పోయిన రైతులు పార్టీల నాయకులను వేదిక ఎక్కనివ్వలేదు. మన జిల్లాలో అలా చెప్పి ఊర్లోకి తిరిగి రావడం కష్టం.

తర్వాత

హాజరు చీటీలు పన్నెండు రోజులు ఇచ్చారు. తర్వాత సీజన్ తగ్గిందని మానేశారు. ఆ పన్నెండు చీటీల మీద గంటలు రాసి ఉన్నాయి కాబట్టి నలభై ఒక్క మంది తరఫున ఓటీ క్లెయిము వేశాం. కాంట్రాక్టరు తప్పించుకుంటే, అప్పుడు అమల్లో ఉన్న 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అసలు యజమాని, అంటే ఫ్యాక్టరీయే కట్టాలి, అది కూడా రాశాం. మొదటి విచారణకే కంపెనీ వైపు నుంచి బేరం వచ్చింది: అదనపు గంటలకు మామూలు కూలి ఇస్తాం, రెట్టింపు అడగొద్దు. ఇరవై ఆరు మంది తీసుకున్నారు. తీసుకోవద్దని నేను చెప్పలేదు. పదిహేను మంది కేసులోనే ఉన్నారు.

సీజన్ చివరి వారంలో తొమ్మిది మంది వీధికి ఆటో రాలేదు. టిఫిన్ క్యారియర్ ఆమె ఆ తొమ్మిది మందిలో ఒకరు. వాళ్లకు ఆ వారం కూలి నిధిలోంచి ఇచ్చాం. రైతుల్లో ఒకరిద్దరు, “అది గొడవ రోజుకు కదా, పని తీసేసినదానికి కాదు కదా” అన్నారు. మీటింగులో ఏమనుకున్నామో రాసిపెట్టిన ఆ డిగ్రీ అమ్మాయి నోటుబుక్కు తెచ్చి చదివింది. ‘గొడవ వల్ల’ అని ఉంది. నోరు మూసుకున్నారు.

రైతులకు ఫ్యాక్టరీ డబ్బు నెలల తరబడి ఆలస్యమైంది. 6 రాసిన చీటీల జిరాక్సులు కుట్టి, మిగతా 2 రూపాయలు ఇప్పించాలని సోమవారం గ్రీవెన్సులో కలెక్టరేట్‌లో ఇచ్చాం. అర్జీ మీద పద్నాలుగు మంది సంతకాలు. పార్టీల గొడవ వల్ల మాట్లాడుకోని ఇద్దరు కూడా వేర్వేరు వేళల్లో వచ్చి ఒకే కాగితం మీద సంతకం పెట్టారు.

ఇదే పద్ధతి మరోసారి చేయాలనుకునే కార్యకర్తలకు ఒక హెచ్చరిక. 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల బదులు నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టంలో సమ్మె నోటీసు నిర్బంధం ప్రజోపయోగ సేవలకే ఉండేది, ఇప్పుడు అన్ని సంస్థలకూ వర్తిస్తుంది. నోటీసు ఇచ్చాక 14 రోజులు ఆగాలి. రాజీ విచారణ మొదలైతే అది నడిచినంత కాలం, ముగిసిన తర్వాత మరో 7 రోజులు సమ్మె కూడదు. సగం మంది ఒకేసారి సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. నలభై రోజుల సీజన్లో ఇవన్నీ పాటిస్తే, సమ్మె రోజుకు చెట్టు మీద కాయ ఉండదు. టన్ను లెక్కన రైతు దగ్గర డబ్బు తీసుకునే హమాలీ ఫ్యాక్టరీ కార్మికుడి కిందికి వస్తాడా రాడా అన్నది మా లాయరూ నేనూ ఇంకా వాదించుకుంటున్నాం. నా లెక్క ప్రకారం రాడు. అందుకే ఏప్రిల్లోనే హమాలీలతో కూర్చోవాలి. అంతకుముందే బెల్టు ఆడవాళ్లతో.

కూలి నిధిలో ఇంకా 3,400 రూపాయలు మిగిలి ఉన్నాయి. రైతులు కట్టిన డబ్బు కాబట్టి తమకు తిరిగి రావాలంటారు వాళ్లు. ఆ తొమ్మిది మందికి వచ్చే సీజన్ అంతా పని ఇవ్వకపోతే అప్పుడు కావాలి కదా అంటారు వీళ్లు. డబ్బా మేస్త్రీ ఇంట్లోనే ఉంది, తాళం చెవి ఆ అమ్మాయి దగ్గర.